మంగకు ఇంకో దారి ఉందా?

ప్రశ్న: నమస్తే. భద్రాద్రి కొత్తగూడెం జిల్లాలో ప్రభుత్వ బడిలో తెలుగు చెబుతాను. ఒక నవల రాస్తున్నాను, 22 అధ్యాయాలు పూర్తయ్యాయి, చిత్తుప్రతి దీంతో పంపుతున్నాను. శ్రీకర్ కుర్ర ఎస్సై. మంగను మొగుడు వదిలేసి పోయాడు, ఇంట్లో తల్లి, ఆరేళ్ల కొడుకు. డబ్బు కోసం సీలేరు వైపు నుంచి బస్సులో గంజాయి బ్యాగు తెస్తూ భద్రాచలం చెక్‌పోస్టు దగ్గర దొరుకుతుంది. ఆమె కళ్లు చూసి శ్రీకర్ జాలిపడి కేసు లేకుండా వదిలేస్తాడు. కృతజ్ఞతతో ఆమె ఇన్ఫార్మర్ అవుతుంది. ఆరో అధ్యాయంలో ముఠా మనుషుల నుంచి ఆమెను కాపాడతాడు, ఆ రాత్రి వానలో ప్రేమ పుడుతుంది. చివర ముఠా దొరుకుతుంది, రామాలయంలో పెళ్లి. చదివిన మిత్రులంతా దాడుల ఘట్టాలు బాగున్నాయన్నారు కానీ ప్రేమ నమ్మబుద్ధి కావడం లేదన్నారు. మా చెల్లెలైతే, "మంగకు ఇంకో దారి ఉందా అన్నయ్యా?" అని ఒక్క మాట అడిగి ఊరుకుంది. నాకు అర్థం కాలేదు. రొమాన్స్ సన్నివేశాలు పెంచితే సరిపోతుందా?

సమాధానం:

మాస్టారూ, పెంచకండి. ఉన్నవాటిలో సగం కొట్టేసినా నష్టం లేదు. మీ ఇంట్లోనే మీకన్నా మంచి ఎడిటర్ ఉంది. ఆవిడ అడిగినదానికి మీ 22 అధ్యాయాల్లో ఎక్కడా జవాబు లేదు. దాడులు రక్తి కట్టి ప్రేమ తేలిపోయింది అందుకే.

ఇద్దరి చేతుల్లో ఏమేం ఉన్నాయో చూడండి. శ్రీకర్ వెనక ఠాణా ఉంది. ఆమె మీద ఎప్పుడు కావాలంటే అప్పుడు పెట్టగల కేసు ఉంది. ఆమె పేరు ముఠా చెవిన పడితే బతకదు, ఆ పేరు తెలిసినవాడు అతనొక్కడే. మంగ దగ్గర ఏముంది? అతనికి కావలసిన నాలుగు కబుర్లు, అవీ పాతబడేదాకా. ఇలాంటి చోట నిలబడి ఎస్సై "నువ్వంటే నాకిష్టం మంగా" అంటే ఆమె ఏమనాలి? "నాకిష్టం లేదు సార్" అనగలదా? అంటే మర్నాడు ఏమవుతుందో ఆమెకూ తెలియదు, మీరూ రాయలేదు. వద్దనే వీలు లేని మనిషి సరేనంటే ఆ సరేకి విలువేముంది? మీ చెల్లెలు అడిగింది ఇదే.

పైగా మన పాఠకులు ఈ కథలోకి ఖాళీ మనసుతో రారు. 1978లో హైదరాబాద్ నల్లకుంట ఠాణాలో ఒక మహిళపై జరిగిన అత్యాచారం, ఆమె భర్త చావు నగరాన్ని ఎలా అట్టుడికించాయో మీ ఇంట్లో పెద్దవాళ్లనడిగితే చెబుతారు. ఆ తర్వాత పుట్టినవాళ్లకు కూడా ఆడమనిషి, పోలీసు, రాత్రి అనే మూడు మాటలు ఒకచోట కనబడితే ముందు భయమే కలుగుతుంది. మీరు అక్కడ వాన కురిపిస్తే ఆ భయం పోదు. చట్టానికీ ఇదే అనుమానం ఉంది. పాత ఐపీసీ (భారత శిక్షాస్మృతి) స్థానంలో వచ్చిన భారతీయ న్యాయ సంహిత 68వ సెక్షన్ చూడండి. ప్రభుత్వోద్యోగి తన హోదాను అడ్డం పెట్టుకుని, తన అదుపులోనో అజమాయిషీలోనో ఉన్న స్త్రీని శారీరక సంబంధానికి ఒప్పిస్తే, అది అత్యాచారం కిందికి రాకపోయినా, 5 నుంచి 10 ఏళ్ల శిక్ష పడవచ్చు. ఇన్ఫార్మర్ ఆ అజమాయిషీ కిందికి వస్తుందా రాదా అన్నది లాయర్లు వాదించుకుంటారు. మీకు కావలసిందల్లా ఆ ప్రశ్న వేసే లాయరు ఒకడు మీ నవలలో ఉండడం. ఇప్పుడైతే లేడు.

ఇక మొదటి అధ్యాయం. కళ్లు చూసి వదిలేశాడన్నారు. మత్తుపదార్థాల చట్టం, అదే 1985 నాటి ఎన్‌డీపీఎస్ చట్టం ప్రకారం ఇది దయ కాదు, నేరం. విధి నిర్వహణలో వెనక్కి తగ్గిన అధికారికీ, తెలిసి సాయపడిన అధికారికీ 59వ సెక్షన్‌లో విడివిడిగా శిక్షలున్నాయి. రెండో దానికి కనీసం 10 ఏళ్లు. అంటే మొదటి పేజీలోనే మీ హీరో ముద్దాయి అయిపోయాడు, మీరు గమనించలేదు. అంతకన్నా పెద్ద నష్టం ఇంకోటి ఉంది. అతను ఆ రోజు వదిలేశాడు కాబట్టి ఆమె జీవితాంతం అతనికి బాకీ. బాకీ తీరుస్తున్న మనిషి చూపే అభిమానం ప్రేమో వాయిదా చెల్లింపో పాఠకుడికి ఎప్పటికీ తేలదు.

కేసు పెట్టించండి. బ్యాగులో 4 కిలోల శీలావతి రకం గంజాయి దొరికిందనుకుందాం. కిలో దాకా చిన్న మొత్తం, 20 కిలోలు దాటితే వాణిజ్య మొత్తం. ఆ పైమెట్టు కేసుల్లో 37వ సెక్షన్ వల్ల బెయిలు గగనం. 4 కిలోలంటే మధ్యమెట్టు, 10 ఏళ్ల దాకా శిక్ష పడొచ్చు కానీ బెయిలుకు ఆశ ఉంటుంది. నవలకు ఇంతకన్నా అనువైన బరువు లేదు. ఆమె ఒంటిని సోదా చేసేది శ్రీకర్ కాదు, ఆడ కానిస్టేబులే, చట్టం మాట అది. మీరు అక్కడ రాసిన చేతుల వర్ణన తీసెయ్యండి. ఆ ఆడ కానిస్టేబుల్‌కు ఒక పేరు, ఒక నోరు ఇచ్చి చివరిదాకా ఉంచండి. వీళ్లిద్దరి సంగతి వీళ్లకన్నా ముందు ఆమెకు తెలియాలి.

బెయిలు షరతుల్లో మన దగ్గర తరచూ వినబడేది ఒకటుంది కదా, వారానికోసారి ఠాణాకు వచ్చి సంతకం పెట్టాలని. కోర్టు వార్తలు రాసే రోజుల్లో ఠాణా వరండాల్లో ఇలాంటి వాళ్లను చాలామందిని చూశాను. పిల్లల్ని వెంటబెట్టుకుని వస్తారు, ఠాణాలో రాతకోతలు చూసే రైటర్ టిఫిన్ ముగించి వచ్చేదాకా గోడకు ఆనుకుని కూర్చుంటారు, సంతకం పెట్టి బస్సు వేళకు పరుగెత్తుతారు. మంగను అక్కడ కూర్చోబెట్టండి. ఇన్ఫార్మర్ ఠాణా గడప తొక్కితే ఊరంతా అనుమానిస్తుంది, కానీ సోమవారం సంతకానికి వచ్చే ముద్దాయిని ఎవరూ అనుమానించరు. ఆమె కబురు చెప్పడానికి కోర్టే ముసుగు ఇచ్చినట్టయింది. మీ నవలకు ఇది బంగారం లాంటి ఏర్పాటు, ఎందుకంటే దీనికి ఒక గడువుంది. ఏదో ఒక రోజు ఆ షరతు ఎత్తేస్తారు. ఆ తర్వాతి సోమవారం ఆమె రావలసిన పని లేదు.

ఇప్పుడు అసలు సంగతి. పోలీసుకూ ఇన్ఫార్మర్‌కూ మధ్య ఏ మంచి పని జరిగినా దానికి రెండు అర్థాలుంటాయి. శ్రీకర్ ఆమె కొడుక్కి జ్వరమొస్తే మాత్రలు కొనిచ్చాడు. ప్రేమా? మంచి పోలీసు ఎవడైనా తన సోర్సును, అంటే ఇన్ఫార్మర్‌ను, అలాగే చూసుకుంటాడు. "జాగ్రత్త, ఈ వారం ఆ వైపు వెళ్లకు" అన్నాడు. సోర్సు చచ్చిపోతే సమాచారం ఆగిపోతుంది, కాబట్టి అదీ ఉద్యోగమే. ముఠా నుంచి కాపాడాడు, అదీ అంతే. ఆమె వైపు చూసినా ఇదే గోల. నవ్వుతూ మాట్లాడింది, క్యారేజీలో బొమ్మిడాయిల పులుసు తెచ్చింది, మిగతావాళ్లకు చెప్పని కబురు అతనికే చెప్పింది. కేసు మెత్తబడాలని ఏ ముద్దాయి అయినా చేసే పనులే. మీరు ప్రేమకు రుజువుగా పెట్టిన ప్రతి ఘట్టాన్నీ పక్కన పెట్టి, ప్రేమ లేకపోయినా ఇదే చేసేవాళ్లా అని అడగండి. చేసేవాళ్లే అని జవాబు వస్తే ఆ ఘట్టం రుజువు కాదు. కొట్టెయ్యమనడం లేదు. ప్రేమ అని పేరు మాత్రం పెట్టకండి, అనుమానం అలాగే ఉండనివ్వండి. వాళ్లిద్దరికీ కూడా తెలియకూడదు.

ఈ తెలియకపోవడం ఎంత దూరం పోగలదో చెప్పే నిజం కథ ఒకటి అమెరికాలో ఉంది. జేమ్స్ స్మిత్ అని లాస్ ఏంజెలెస్‌లో ఎఫ్‌బీఐ (అక్కడి కేంద్ర దర్యాప్తు సంస్థ) అధికారి, చైనా వ్యవహారాలు చూసేవాడు. 1980ల మొదట్లో కత్రీనా లియంగ్ అనే వ్యాపారవేత్తను సోర్సుగా చేర్చుకున్నాడు. ఇద్దరికీ పెళ్లిళ్లయ్యాయి, అయినా దాదాపు 20 ఏళ్లు సంబంధం సాగింది. ఎఫ్‌బీఐ ఆమెకు మొత్తమ్మీద 17 లక్షల డాలర్ల దాకా ఇచ్చింది. 2003 ఏప్రిల్‌లో ఇద్దర్నీ అరెస్టు చేశారు. అతను ఆమె ఇంటికి వచ్చినప్పుడు బ్రీఫ్‌కేసులోని రహస్య కాగితాలు తీసి నకళ్లు చేసుకునేదని ఆరోపణ. ఇంకో నగరంలోని ఇంకో ఎఫ్‌బీఐ అధికారితో కూడా ఆమెకు సంబంధం ఉందని అప్పుడే బయటపడింది. స్మిత్ ఆ సంబంధం దాచినందుకు నేరం ఒప్పుకుని, జైలు పడకుండా తప్పించుకున్నాడు. అయితే ఆ ఒప్పందంలో ప్రాసిక్యూటర్లు ఒక మాట ఇరికించారు, లియంగ్ వైపు వాళ్లకు అతను ఏమీ చెప్పకూడదని. దాని వల్లే 2005లో జడ్జి ఆమె మీద కేసు కొట్టేసింది. తర్వాత ఆమె సంబంధం గురించి అబద్ధమాడినందుకూ, పన్ను లెక్కలకూ మాత్రం తప్పు ఒప్పుకుంది.

ఎవరు ఎవర్ని వాడుకున్నారు? 20 ఏళ్లలో ఏ సాయంత్రం నిజం, ఏది పని? కోర్టు తేల్చలేదు. మీ నవల ఇక్కడిదే అయినా ఈ కేసు మీకు పనికొస్తుంది. గూఢచారిని పట్టేదే ఉద్యోగంగా ఉన్న మనిషికే తన పక్కనున్న మనిషి సంగతి తెలియలేదంటే, శ్రీకర్ ఆరో అధ్యాయంలోనే అంత నమ్మకంగా ప్రేమలో ఎలా పడిపోతాడు? అతనికి అనుమానం ఉండాలి. రాత్రి పడుకున్నాక, నన్ను వాడుకుంటోందేమో అని లేచి కూర్చోవాలి. ఆ అనుమానం ఉండి కూడా మర్నాడు ఆమె కోసం ఎదురుచూస్తే, అప్పుడు నేను నమ్ముతాను.

మరి ప్రేమ అని ఎక్కడ తెలుస్తుంది? ఉద్యోగానికి పనికిరాని పని చేసినప్పుడు. ఇంకా గట్టిగా చెప్పాలంటే, ఉద్యోగానికి నష్టం కలిగే పని ఎవరూ అడగకుండా చేసినప్పుడు.

మొదటిది శ్రీకర్ నోటితో మొదలుపెట్టండి. సోర్సును చేతిలో ఉంచుకోవడానికి పోలీసులు చెప్పే మాట ఒకటుంది: "నీ కేసు సంగతి నేను చూసుకుంటాలే." అది అబద్ధం. ఎన్‌డీపీఎస్ చట్టంలో నిజం మొత్తం చెప్పిన వ్యక్తికి ప్రాసిక్యూషన్ నుంచి మినహాయింపు ఇచ్చే వీలు 64వ సెక్షన్‌లో ఉంది కానీ, ఇచ్చేది ప్రభుత్వం, ఎస్సై కాదు. కోర్టులో అప్రూవర్‌గా, అంటే నేరం ఒప్పుకుని మిగతావాళ్ల మీద సాక్ష్యం చెప్పే ముద్దాయిగా, మార్చాలన్నా క్షమాభిక్ష ఇచ్చేది న్యాయస్థానమే. మంగకు ఇవేమీ తెలియవు. అతను చూసుకుంటాడన్న ఆశతోనే కబుర్లు మోస్తోంది. ఒక సోమవారం, పెద్ద సరుకు వచ్చే వారం, ఆమె సాయం లేకపోతే కేసు దొరకని వారం, శ్రీకర్ చేత చెప్పించండి: "నీ కేసు నా చేతిలో లేదు. మొదటి నుంచీ లేదు. నువ్వు ఏం చెప్పినా చెప్పకపోయినా శిక్ష పడితే పడుతుంది." ఆ మాటతో ఆమె మీద తనకున్న పట్టంతా అతను వదిలేసుకున్నట్టే. ఇది ఏ సోర్సుకూ ఏ పోలీసూ చెప్పకూడని మాట. మీ వాన ఘట్టం ఇక్కడికి తెచ్చుకోండి కావాలంటే, కానీ ఆమె చేత కౌగిలింపజేయకండి. కోపంతో లేచిపోవాలి. ఇన్నాళ్లు మోసం చేశాడని తిట్టాలి, ఊళ్లో ఆడవాళ్లు తిట్టే తిట్లన్నీ తిట్టాలి. ఠాణాలో ఎస్సైని తిట్టగలిగిందంటే, మాస్టారూ, ఆమెకు మొదటిసారి ఇంకో దారి దొరికిందన్నమాట.

మంగ వైపు నుంచి నేను ఎదురుచూసేది "అది చెప్పను సార్" అనే మాట. మీ చిత్తుప్రతిలో అతను అడిగిందల్లా ఆమె చెప్పేస్తుంది, మీరు దాన్ని నమ్మకం అనుకున్నారు. భయపడ్డవాళ్లు కూడా అడిగిందల్లా చెప్పేస్తారు. సరుకు మోసేవాళ్లలో ఆమె పిన్ని కొడుకు ఉన్నాడనుకోండి. శ్రీకర్ అడుగుతాడు. ఆమె చెప్పనంటుంది. అతను రెండోసారి అడగడు. ఇద్దరూ కాసేపు ఏమీ మాట్లాడరు. ఇంతే. ఈ పేజీన్నర మీ ఆరో అధ్యాయం మొత్తం కంటే ఎక్కువ పని చేస్తుంది.

ఆమెను మరీ మంచిదాన్ని చేశారు, అదొక ఇబ్బంది. డబ్బు కోసం బ్యాగు మోసిన మనిషి. సమాచారానికి నగదు బహుమతి వస్తుందని తెలిశాక బేరం ఆడదా? సగం కబురు ఇప్పుడు, సగం తర్వాత అనదా? ఇద్దరు ఎస్సైలకు ఒకే కబురు అమ్మినా నాకు ఆశ్చర్యం లేదు. ఆమె తెలివిని రానివ్వండి. కన్నీళ్లు తుడుచుకునే మంగకన్నా లెక్క తేల్చుకునే మంగ ప్రేమలో పడితే పాఠకుడు ఎక్కువ నమ్ముతాడు, ఎందుకంటే ఆమె ఏం పోగొట్టుకుంటోందో అతనికి కనబడుతుంది.

పిలుపులు కూడా సరిచూసుకోండి. మీ శ్రీకర్ ఆరో అధ్యాయం నుంచి "మంగా" అంటాడు, మంగ పదో అధ్యాయం నుంచి "శ్రీ" అంటుంది. ఆ "శ్రీ" ఏమిటి మాస్టారూ? కాలేజీ క్యాంటీనా? మన ఠాణాల్లో ముద్దాయిని నువ్వు అని పిలవడం రోజూ జరిగేదే, ఏయ్ అనడమూ జరిగేదే. అందుకని ఇక్కడ చనువు పెరిగిందని చూపించడానికి నువ్వులోకి దిగితే ఏమీ చూపించినట్టు కాదు. తలకిందులుగా చెయ్యండి. మొదట్నుంచీ నువ్వు అంటున్న ఎస్సై ఒక రోజు అందరి ముందూ "కూర్చోండి" అనాలి. రైటర్ తలెత్తి చూడాలి. ఆమె మాత్రం చివరి అధ్యాయం దాకా సార్ అనే అంటుంది, పెళ్లయ్యాక కూడా నోరు జారి అదే వస్తుంది.

ప్రమాదం గురించి రెండు మాటలు. మీ ముఠా నాయకుడికి మంగ మీద అనుమానం ఎలా వచ్చిందంటే, ఎవడో చూశాడని రాశారు. అంతకన్నా సహజంగా వచ్చే అనుమానం ఉంది. సీలేరు, డొంకరాయి, మోతుగూడెం, చింతూరు మీదుగా భద్రాచలం వచ్చే ఆ రోడ్డులో మూడు సరుకులు దొరికాయి, రెండు దాటిపోయాయి. దొరికిన మూడింటి సంగతి ఎవరెవరికి తెలుసో వాళ్లు కూర్చుని లెక్క వేస్తారు. అన్నిట్లోనూ ఉన్న పేరు ఒకటే. అందుకే పోలీసులు సోర్సును కాపాడుకోవడానికి అప్పుడప్పుడూ తెలిసి కూడా ఒక సరుకును పోనిస్తారు. శ్రీకర్ అలా పోనిస్తే అది ప్రేమా, పద్ధతా? మళ్లీ అదే ప్రశ్న, దాన్ని వాడుకోండి. పత్రికలో "విశ్వసనీయ సమాచారం మేరకు" అని వచ్చిన వార్తను మంగ తన కొడుకు చేత చదివించుకునే సన్నివేశం పెట్టండి. వాడికి తెలియదు ఆ సమాచారం ఎవరో. ఇంకో సంగతి, మీది ఏజెన్సీ అంచు. ఇన్ఫార్మర్ అనే ముద్ర వేసి మావోయిస్టులు ఎంతమందిని చంపారో మీ ప్రాంతంలో వేరే చెప్పక్కర్లేదు. అక్కడ ఆ మాట నలుగురిలో అనడానికే జంకుతారు. మీ పాత్రలు దాన్ని టీ కొట్టు దగ్గర గట్టిగా అనేస్తున్నారు.

ప్రేమ కాని ప్రేమ ఎక్కడ తేలుతుందో కూడా మీకు తెలియాలి, మీరు దాన్ని తప్పించుకోవాలి కాబట్టి. అమెరికాలో కెంటకీ రాష్ట్రపు బొగ్గుగనుల ఊరు పైక్‌విల్. ఆ వాతావరణం మీ సింగరేణి ఊళ్లకు కొత్త కాదు. 1987లో అక్కడికి మార్క్ పట్నం అనే కుర్ర ఎఫ్‌బీఐ అధికారి మొదటి పోస్టింగు మీద వచ్చాడు. పెళ్లయినవాడు, పిల్లలున్నవాడు. బ్యాంకు దోపిడీల కేసులో సుసాన్ స్మిత్ అనే పేదరాలు అతనికి ఇన్ఫార్మర్ అయింది. మత్తుమందుల అలవాటున్న మనిషి, విడాకులిచ్చిన మొగుడి ఇంట్లోనే ఉంటోంది. అతను తప్ప ఆమెను మనిషిగా చూసినవాళ్లు తక్కువ. సంబంధం మొదలైంది. అతనికి మయామీకి బదిలీ అయింది. ఆమె గర్భవతినని చెప్పింది. 1989 జూన్‌లో కేసు పని మీద తిరిగి వచ్చినప్పుడు కారులో గొడవపడి ఆమె గొంతు నులిమి చంపేశాడు. ఏడాది తర్వాత తనంతట తాను ఒప్పుకునేదాకా ఆమె శవం కూడా దొరకలేదు. 16 ఏళ్ల శిక్ష పడింది, అందులో 10 ఏళ్లు ఉండి 2000లో బయటికొచ్చాడు. నేను ఇది చెబుతున్నది మీ నవలను విషాదాంతం చెయ్యమని కాదు. సుసాన్‌కు ఇంకో దారి లేదు. ఆమె వైపు నుంచి అది నిజమైన ప్రేమే అయి ఉండొచ్చు. అయినా ఆ కథను ఎవరూ ప్రేమకథ అనలేరు. మీ చిత్తుప్రతిలో మంగ పరిస్థితి సుసాన్ పరిస్థితికి మీరు అనుకున్నదానికన్నా దగ్గరగా ఉంది. మీ శ్రీకర్ మంచివాడు కాబట్టి మాత్రమే ఆమె బతికిపోతోంది. హీరో మంచితనం ఒక్కదాని మీదే హీరోయిన్ ప్రాణం ఆధారపడితే మిగతాది ఎంత రాసినా తేలికే.

అతను మంచివాడైతే తన మంచితనం మీద ఆమె ఆధారపడక్కర్లేని ఏర్పాటు చేస్తాడు. అంటే పై అధికారి దగ్గరికి వెళ్తాడు. "ఈ సోర్సును ఇకపై నేను చూడలేను సార్, ఇంకొకరికి అప్పగించండి" అంటాడు. ఎందుకని డీఎస్పీ అడుగుతాడు. ఈ గది, ఈ కుర్చీ, ఈ మౌనం దగ్గర మీరు ఎంత సేపైనా ఉండండి, నేను విసుక్కోను. నిజం చెబితే చార్జి మెమో, వీఆర్ (పోస్టింగు లేకుండా పక్కన పెట్టడం), విచారణ. కేసులన్నీ మళ్లీ తిరగదోడతారు. చెప్పకపోతే ఉద్యోగం ఉంటుంది, ఆమె కూడా ఉంటుంది, గుప్పిట్లో.

ఆ కేసుల గొడవ ఏమిటో క్లుప్తంగా చెబుతాను, మీ పతాక సన్నివేశానికి కావాలి. ఇల్లో గోదామో సోదా చెయ్యడానికి ముందు, అందిన సమాచారాన్ని రాతలో పెట్టి 72 గంటల్లో పై అధికారికి నకలు పంపాలని ఎన్‌డీపీఎస్ 42వ సెక్షన్ చెబుతుంది. ఈ ఒక్క కాగితం సరిగ్గా లేక వీగిపోయిన గంజాయి కేసులున్నాయి. సమాచారం రాయాలి, ఎవరిచ్చారో మాత్రం కోర్టులో చెప్పమని అధికారిని బలవంతపెట్టకూడదు. ఎన్‌డీపీఎస్ 68వ సెక్షన్, భారతీయ సాక్ష్య అధినియమంలో 131వ సెక్షన్ ఆ రక్షణ ఇస్తాయి. (రెండు చట్టాల్లో రెండు 68లు వచ్చాయి, ప్రూఫు చూసేటప్పుడు కలగాపులగం చేసుకోకండి. అలాగే మీ కథ 2024 జులై తర్వాత జరిగేదైతే ఐపీసీ సెక్షన్లన్నీ మార్చుకోవాలి.) ఇప్పుడు ముఠా నాయకుడి తరఫు లాయరు లేస్తాడు. సోర్సు ఎవరని అడగడు, అడిగితే జవాబు రాదని అతనికి తెలుసు. "మంగ అనే మహిళ మీకు తెలుసా? ఎలా తెలుసు?" అంటాడు. తెలియదంటే అబద్ధం, తెలుసంటే గోదాములో సరుకు పోలీసులే పెట్టారన్న వాదనకు ప్రాణం వస్తుంది. కోర్టు హాల్లో వెనక బెంచీ మీద మంగ కూర్చుని ఉంటుంది, ఇంకో కేసు వాయిదాకు వచ్చి.

అతనేమంటాడన్నది మీరే తేల్చుకోవాలి. అతను ముందే డీఎస్పీకి చెప్పి ఉంటే ఈ సన్నివేశం ఒక రకంగా నడుస్తుంది, చెప్పకపోతే ఇంకో రకంగా. నాకు మొదటిదే ఇష్టం. అప్పుడు ముఠా నాయకుడు బయటపడ్డా పడొచ్చు, శ్రీకర్ ఆ నష్టం మోయాలి, ఆ గంజాయి వల్ల పాడైన పిల్లల తల్లులు అతన్ని తిట్టొచ్చు. ప్రేమకు ఖరీదు ఇద్దరే కడితే బాగానే ఉంటుంది, ఊరు కూడా కడితేనే చిక్కు. ఈ చిక్కును మీరు దాచకూడదు.

చివర పెళ్లి అన్నారు కదా. రామాలయంలో పెళ్లికి నాకేం అభ్యంతరం లేదు, భద్రాచలంలో ఉండి పెళ్లి వద్దనడానికి నేనెవర్ని. కానీ ఆమె కేసు తేలాక చేయించండి, శిక్ష పడితే అనుభవించి వచ్చాక, అతను ఆ ఠాణా నుంచి బదిలీ అయిపోయాక. అప్పటికి ఆమె దగ్గర అతనికి కావలసిన కబురేదీ ఉండకూడదు, అతని దగ్గర ఆమెను భయపెట్టే కాగితమేదీ ఉండకూడదు.

22 అధ్యాయాలూ ఒక్కసారే తిరగరాయడానికి కూర్చోకండి, విసుగొచ్చి మానేస్తారు. బెయిలు షరతు తీసేసిన తర్వాతి సోమవారం ఉంది చూశారా, ముందు అదొక్కటి రాయండి. మంగ వస్తుందా రాదా, వస్తే ఠాణా లోపలికి వస్తుందా గేటు బయటే నిలబడుతుందా, చేతిలో ఏముంటుంది, ఆడ కానిస్టేబుల్ ఏమంటుంది. శ్రీకర్ ఆ రోజు బందోబస్తుకు వెళ్లి అక్కడ లేకపోయినా నాకు బాగానే ఉంటుంది. రాశాక ముందు మీ చెల్లెలికి చూపించండి, ఆవిడ ఒప్పుకుంటే నాకు పంపండి.